మనదే కదా అనిపించిన చోటే జాగ్రత్త

మీరు అడిగినది నాకు అర్థమైన మేరకు ముందు చెప్తానమ్మా. చీపురుపల్లి నుంచి మీరు, మీవారు, ఇద్దరు పిల్లలు, మీ నాన్నగారు, మీ అత్తగారు కలిసి పదకొండు రోజులు థాయ్‌లాండ్, మలేషియా, సింగపూర్ తిరిగి రావాలనుకుంటున్నారు. టూరు నడిపేవారు ‘అక్కడ చేయకూడని పనులు’ అంటూ నలభై అంశాల కాగితం చేతిలో పెట్టారు. అది చదివి మీ అత్తగారు ప్రయాణమే వద్దంటున్నారు. మీ నాన్నగారేమో నవ్వి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఈ నలభైలో నిజంగా గుర్తుంచుకోవలసినవి ఏవి అన్నది మీ ప్రశ్న.

నేను ఉద్దానం వాణ్ణి. వెల్డర్‌గా వెళ్ళి, ఫోర్‌మన్‌గా తిరిగివచ్చాను. ఆ మధ్యలో ఇరవై ఆరేళ్ళు గల్ఫ్‌లో, సింగపూర్‌లో, మలేషియాలో, కొంతకాలం థాయ్‌లాండ్‌లో గడిచాయి. ఇప్పుడు విజయనగరంలో ఉంటూ, బయటికి వెళ్ళే కుర్రాళ్ళకు నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్తుంటాను.

ఆ కాగితంలో తప్పేమీ ఉండదు. దాని లోపమల్లా నలభై అంశాలనూ ఒకే కొలతతో కొలవడమే. జైలుకు పంపే తప్పూ, పక్కవాడు మొహం చిట్లించే తప్పూ అందులో పక్కపక్కనే ఉంటాయి. ఇంకొక సంగతి అందులో ఎవరూ రాయరు. మనవాళ్ళు పొరపాటు చేసేది అంతా కొత్తగా కనిపించే చోట కాదు. దుబాయ్‌లో దిగిన మా ఊరి కుర్రవాడు ఏ కాలు ముందు పెట్టాలో కూడా పక్కవాణ్ణి అడిగి పెడతాడు. భయం ఉంటుంది కాబట్టి తప్పు చేయడు. అదే కుర్రవాడు బ్యాంకాక్‌లో దిగితే చేతులు జోడించి పలకరించే మనుషులు కనిపిస్తారు. కూడలిలో వినాయకుడు, గోడ మీద రామాయణం, గుడి ముందు విప్పిన చెప్పులు కనిపిస్తాయి. ‘అబ్బే, అంతా మనదే కదా’ అనిపిస్తుంది. ఆ మాట మనసులోకి వచ్చిన మరుక్షణం నుంచి తప్పులు మొదలవుతాయి. మీరు వెళ్ళే మూడు దేశాలూ అలాంటివే.

నేను చేసిన తప్పే చెప్తాను. 1990లలో థాయ్‌లాండ్‌లోని రేయోంగ్ దగ్గర ఒక పెద్ద నిర్మాణంలో పని చేస్తున్నప్పుడు నాకు సహాయకుడిగా ఒక థాయ్ కుర్రవాడు ఉండేవాడు. చురుకైనవాడు, నవ్వు ముఖం. ఒకరోజు రాడ్లు ఒకటి తెమ్మంటే ఇంకొకటి తెచ్చాడు. నేను చనువుకొద్దీ నెత్తిన చిన్న మొట్టికాయ వేశాను. మన దగ్గర మేనమామ మేనల్లుడికి వేసేలాంటిదే, నొప్పి పుట్టేది కాదు. వాడి ముఖంలో నవ్వు ఒక్కసారిగా ఆరిపోయింది. మారుమాట లేదు. పని మానలేదు, కానీ వారం రోజులు నా కళ్ళలోకి చూడలేదు. చివరికి ఎప్పటినుంచో అక్కడున్న ఒక తమిళ పెద్దాయన నన్ను పక్కకు పిలిచి విషయం చెప్పారు. అక్కడ తల మనిషి దేహంలో అన్నిటికన్నా పవిత్రమైన భాగం, ఇతరులు ముట్టకూడనిది. నలుగురిలో నెత్తిన కొట్టడం అంటే మన దగ్గర చెప్పుతో కొట్టినంత అవమానం. మర్నాడు అందరి ముందూ వాడికి చేతులు జోడించి క్షమాపణ చెప్పాను. మళ్ళీ నవ్వాడు కానీ మునుపటి నవ్వు కాదది.

అందుకే మీ నాన్నగారి గురించి నాకు కొంచెం బెంగ. ముద్దొచ్చే పిల్లలు కనిపిస్తే తల నిమరకుండా ఉండలేరని రాశారు. మన పెద్దలకు తల మీద చేయి వేయడమంటే దీవెన. అక్కడా పిల్లలంటే అందరికీ ముద్దే, తెలియనివారని క్షమిస్తారు కూడా. అయినా ఆ చేయి ఆపుకోవడమే మర్యాద. నవ్వి చేయి ఊపమనండి, చాలు.

పాదాల విషయంలో మనకు సగం పాఠం ఇంట్లోనే వచ్చేసింది. పడుకున్నవారిని దాటకూడదు, పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి, దేవుడి వైపు కాళ్ళు చాపకూడదు. ఇవన్నీ అక్కడా వర్తిస్తాయి. దానికి తోడు, పాదంతో ఏ వస్తువునూ చూపించకూడదు, జరపకూడదు. ఒక్క అలవాటు మాత్రం ఇక్కడే వదిలి వెళ్ళండి. పొరపాటున కాలు తగిలితే చటుక్కున వంగి ఎదుటివారి మోకాలు తాకి కళ్ళకద్దుకుంటాం కదా, రైల్లో కొత్త మనిషికి అలా చేస్తే బెదిరిపోతాడు. నేను చేసి చూశాను.

ఇక బౌద్ధ భిక్షువులు. మీ అత్తగారి భక్తి గురించి మీరు రాసినది చదివితే ఆవిడ చేయబోయేది నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. కాషాయం కట్టుకున్న వృద్ధ భిక్షువు ఎదురైతే గబగబా వెళ్ళి పాదాలు ముట్టి దండం పెడతారు. అరసవల్లిలోనో రామతీర్థంలోనో అయితే అందరూ మెచ్చుకుంటారు. థాయ్‌లాండ్‌లో మాత్రం స్త్రీ భిక్షువును తాకకూడదు, ఆయన వస్త్రం అంచు కూడా తగలకూడదు. ఏదైనా సమర్పించాలంటే ఆయన పరిచిన గుడ్డ మీద పెట్టాలి, లేదా మగవారి చేతికిచ్చి ఇప్పించాలి. ఆవిడ పొరపాటున తాకితే ఇబ్బందిలో పడేది ఆయనే, ఎందుకంటే అది ఆయన నియమానికి భంగం. ‘నీకు పాపం’ అంటే మీ అత్తగారు వింటారో లేదో తెలియదు గానీ ‘ఆయన వ్రతం చెడుతుంది’ అంటే తప్పకుండా వింటారు. రెండడుగుల దూరం నుంచి చేతులు జోడిస్తే అక్కడి పద్ధతికీ సరిపోతుంది, మన పద్ధతికీ సరిపోతుంది.

బుద్ధుడి దగ్గర మనకున్న చిక్కు వేరు. మన జిల్లాల్లో బుద్ధుడు శిథిలం. వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది, ఇటు రామతీర్థం దగ్గర గురుభక్తులకొండ ఉంది. చిన్నప్పుడు మనం వెళ్ళిందల్లా వనభోజనాలకో, స్కూలు పిల్లలతో కలిసి ఇటుకల దిబ్బ ఎక్కి ఫొటో దిగడానికో. ఇంట్లో చూస్తే ముందు గదిలో టీవీ పక్కన అలంకారానికి ఒక బుద్ధుడి తల. ఆ అలవాటే వెంట తీసుకుని అయుత్థయ వెళ్తాం. ఆ ఊరి పేరే మన అయోధ్య నుంచి వచ్చింది, ఇంకేం కావాలి! అక్కడ మహాథాట్ ఆలయ శిథిలాల్లో ఒక చెట్టు వేళ్ళు అల్లుకుపోయిన బుద్ధుడి ముఖం ఉంది. దాని దగ్గర ఫొటో దిగేవారు తమ తల బుద్ధుడి తలకన్నా ఎత్తులో ఉండకుండా కూర్చోవాలి. పక్కనే బోర్డు ఉంటుంది, కాపలావారు కూడా చెప్తారు. మనవాళ్ళు నిలబడి, బుద్ధుడి భుజం మీద చేయి వేసినట్టు నటిస్తూ ఫొటో తీసుకోబోతుంటే నేనే రెండుసార్లు ఆపాను. ఇటుక విరిగినా, తల తెగినా అక్కడివారికి అది పూజలందుకునే విగ్రహమే. విగ్రహానికి వీపు చూపిస్తూ సెల్ఫీలు కూడా వద్దు. ఈ విషయంలో శ్రీలంక ఇంకా కఠినం. చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందని 2014లో ఒక బ్రిటన్ యాత్రికురాలిని అక్కడి నుంచి వెనక్కి పంపేశారు. ఆమె కూడా భక్తితోనే వేయించుకున్నానని చెప్పుకుంది. ఇంకో మాట, థాయ్‌లాండ్‌లో బుద్ధ విగ్రహాలు కొని తెచ్చుకోవాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి. దుకాణదారు అమ్ముతాడు, విమానాశ్రయంలో చిక్కు మీది.

బ్యాంకాక్ రాజప్రాసాదంలోని మరకత బుద్ధుడి ఆలయానికి తప్పకుండా తీసుకెళ్తారు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు లేకపోతే లోపలికి పంపరు. చీర కట్టుకున్న మీ అత్తగారికి ఏ ఇబ్బందీ లేదు. నిక్కరుతో బయలుదేరే మీ అబ్బాయికే ప్యాంటు పెట్టుకోండి. గర్భాలయంలో ఫొటోలు తీయకూడదు. చుట్టూ వసారా గోడల మీద రామకథ 178 ఘట్టాలుగా ఉంటుంది. అసలు పరీక్ష అక్కడే! అది వారి రామాయణం, పేరు రామకియెన్. అందులో సీత దశకంఠుడి కూతురే. హనుమంతుడు బ్రహ్మచారి కాడు సరికదా, రావణుడి కూతురైన మత్స్యకన్యను వలచి బిడ్డను కూడా కంటాడు. గైడు ఈ ముక్క చెప్పగానే మా ఊరి నుంచి వచ్చిన ఒకాయన చెవులు మూసుకుని ‘అపచారం, అపచారం’ అంటూ వాదానికి దిగారు. ఆ గైడు అమ్మాయి పాపం ఏం చేస్తుంది, వాళ్ళ నాయనమ్మ చెప్పిన కథే ఆమె చెప్పింది. మన ఊళ్ళలో ఆడవాళ్ళు పాడుకునే రామాయణం పాటల్లో మాత్రం వాల్మీకి రాయనివి ఎన్ని లేవు? మీ అత్తగారికి ఈ సంగతి విశాఖలో విమానం ఎక్కకముందే చెప్పి ఉంచండి. అలాగే ఎరవాన్ కూడలిలో నాలుగు ముఖాల బ్రహ్మను చూసి ‘బ్రహ్మకు పూజ ఏమిటి’ అనవచ్చు. 1956 నుంచి అక్కడ పూజలు అందుతూనే ఉన్నాయి, మొక్కు తీరినవారు నాట్యం కూడా చేయిస్తారు.

ఇంతవరకూ చెప్పినవాటిలో తప్పు జరిగినా క్షమాపణతో తీరిపోతుంది. రాజుగారి విషయం అలా కాదు. అక్కడి శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద రాజును, రాణిని, యువరాజును లేదా రాజప్రతినిధిని అవమానిస్తే ఒక్కో నేరానికి మూడు నుంచి పదిహేనేళ్ళ జైలు. మన దగ్గర టీ కొట్టు ముందు ముఖ్యమంత్రి నుంచి ప్రధాని దాకా అందరినీ కడిగేస్తాం. ఆ ధోరణి అక్కడ పనికిరాదు. ఆ వంశపు రాజులకు రాముడి పేరే ఉంటుంది, ఇప్పటివారు పదో రాముడు. దాని మీద చమత్కారాలు వద్దు, ఫోనులో వ్యంగ్య చిత్రాలు పంచుకోవడం అంతకన్నా వద్దు. నోట్ల మీద ఉండేది ఆయన బొమ్మే కాబట్టి, నోటు గాలికి ఎగిరితే కాలితో తొక్కి ఆపకండి. ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఆరుకు రైల్వే స్టేషన్లలో, పార్కుల్లో జాతీయ గీతం వస్తుంది. అందరూ ఆగితే మీరూ ఆగండి.

ఫొటోల గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పొగ పీల్చడం మా తీరంలో పాతతరం ఆడవాళ్ళకు మామూలే. ఒకసారి బారువ వైపు సముద్రం చూడడానికి వచ్చిన ఎవరో విదేశీయులు ఆవిడ చుట్టూ చేరి, నోరు తెరవమని సైగలు చేస్తూ ఫొటోలు తీశారు. వాళ్ళు వెళ్ళాక అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒకే మాట అంది, ‘నన్ను కోతిని చూసినట్టు చూశార్రా’ అని. నాకు అప్పుడు పన్నెండేళ్ళు. ఈ రోజుకీ పరాయి దేశంలో ముసలామె కనిపించి కెమెరా తీయబుద్ధి అయితే ఆ మాటే వినిపిస్తుంది. తేలే అంగడిలో పడవ మీద పళ్ళమ్మే అవ్వ, దారి పక్కన భిక్షకు నిలబడిన చిన్న భిక్షువు, మసీదు మెట్ల మీద కూర్చున్న తాత, ఎవరైనా సరే ముందు ఫోను చూపించి కళ్ళతో అడగండి. తలూపితే తీయండి. మన తల ఊపుడు ‘అవును’కో ‘కాదు’కో వాళ్ళకు తెలియదు కాబట్టి, మీ వంతు వచ్చినప్పుడు మాత్రం నోటితో చెప్పండి.

మలేషియాలో మీకు పెద్దగా ఇబ్బంది ఉండదు. కుడి చేత్తో ఇవ్వడం, ఎడమ చేత్తో ఇవ్వకపోవడం మనకు నేర్పవలసిన పని లేదు. చూపుడు వేలితో మనిషిని చూపించకండి. అక్కడివారు పిడికిలి మూసి బొటనవేలితో చూపిస్తారు, చూడముచ్చటగా ఉంటుంది. ఇళ్ళలోకి చెప్పులతో వెళ్ళకూడదు. మసీదు చూడాలనుకుంటే నమాజు వేళలు, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం తప్పించండి. పెద్ద మసీదుల్లో పర్యాటకులకు కప్పుకోవడానికి వారే అంగీలు ఇస్తారు. మీ పులిహోర డబ్బా హలాల్ హోటల్లో తెరవవద్దు. బయటి తిండి లోపలికి రానివ్వకపోవడం వారి నియమం, మీ పులిహోర మీద అనుమానం కాదు. ‘బాటు కేవ్స్’ అనే గుహల్లోని సుబ్రహ్మణ్యస్వామి గుడికి 272 మెట్లు. మీ నాన్నగారి మోకాళ్ళ సంగతి ముందే చూసుకోండి. అక్కడ అంతా తమిళ సంప్రదాయం. ‘మా దగ్గర ఇలా చేయరే’ అనే మాట వదిలేస్తే హాయిగా దర్శనం అవుతుంది.

కొండల దగ్గర మాత్రం ఒక మాట. 2015 మే నెలలో సబాలోని కినబాలు శిఖరం మీద కొందరు విదేశీ యాత్రికులు బట్టలు విప్పి ఫొటోలు దిగారు. కొద్ది రోజులకే జూన్ 5న భూకంపం వచ్చి ఆ కొండ మీద పద్దెనిమిది మంది చనిపోయారు. ఆ కొండను తమ పితృదేవతల నివాసంగా కొలిచే అక్కడివారు రెండింటినీ కలిపి చూశారు. నలుగురికి మూడు రోజుల జైలు, అయిదు వేల రింగిట్‌ల జరిమానా పడింది. భూకంపానికి కారణం భూగర్భంలో ఉందని మనకు తెలుసు. కానీ మన మహేంద్రగిరి మీద ఎవరైనా అలా చేస్తే మందస చుట్టుపక్కల ఊళ్ళు ఊరుకుంటాయా?

సింగపూర్‌కు వచ్చేసరికి ఆచారాల కన్నా చట్టం ముందుంటుంది. అది కూడా మీ పెట్టెలోంచే మొదలవుతుంది. అందుకే ఈ భాగం రెండుసార్లు చదవండి. గసగసాలు అక్కడ నిషిద్ధ వస్తువు. మసాలా పొడిలో కలిపేసినా సరే, వద్దు. చూయింగ్ గమ్ దిగుమతి 1992 నుంచి లేదు. ఖైనీ, గుట్కా, నములుడు పొగాకు ఏదీ కూడదు. ఈ-సిగరెట్టు దగ్గర ఉంచుకోవడమే నేరం, థాయ్‌లాండ్‌లో కూడా దానికి నిషేధం ఉంది. మీ నాన్నగారి చుట్టల కట్ట ఇంట్లోనే వదిలెయ్యండి. నిద్రమాత్రలు, కొన్ని రకాల నొప్పి మాత్రలకు ముందుగా అనుమతి తీసుకోవాలి. డాక్టరు చీటీ, మందుల అసలు పెట్టెలు దగ్గరుంచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. మీరు సింగపూర్ వెళ్తున్నారని తెలియగానే వీధిలో ఎవరో ఒకరు వస్తారు. ‘మా అబ్బాయి అక్కడే ఉన్నాడమ్మా, ఈ జీడిపప్పు, కాసింత ఆవకాయ ఇచ్చేయండి’ అంటారు. కాదనలేం, రేపు ముఖం చూడాలి. తీసుకోవాలనుకుంటే వాళ్ళ ముందే పొట్లం విప్పి, చూసి, మీ చేత్తో మళ్ళీ కట్టండి. విప్పనివ్వకపోతే తీసుకోకండి. మత్తు పదార్థాలకు అక్కడ ఉరిశిక్ష దాకా ఉంది. ‘నాకు తెలియదు’ అన్న మాటను రుజువు చేసుకోవలసింది మోసుకొచ్చినవారే. బంధువులు అలిగితే అలగనివ్వండి.

సింగపూర్‌లో మిగిలినవి చిన్నవే. మెట్రో రైల్లో మంచినీళ్ళు కూడా తాగకూడదు. రాత్రి పదిన్నర దాటాక బహిరంగ స్థలంలో మద్యం కూడదు, ఇది మీవారికి చెప్పండి. భోజనశాలల్లో ఖాళీ బల్ల మీద చిన్న కాగితపు రుమాళ్ళ ప్యాకెట్టు ఒంటరిగా కనిపిస్తే ఎవరో మరిచిపోయారనుకోకండి. అది మన బస్సు సీటు మీద వేసే తువ్వాలు లాంటిదే. తిన్నాక పళ్ళెం మీరే తీసి పెట్టాలి.

హోటల్లో నడవాలో అరిచి పిలుచుకోవడం, ఉదయం పలహారాల దగ్గర అరటిపళ్ళు సంచిలో వేసుకోవడం గురించి నేనేమీ చెప్పను. మీకే తెలుసు.

మీ అత్తగారి భయం పోగొట్టడానికి ఒక సంగతి చెప్పి చూడండి. మా తాత రంగం వెళ్ళి వచ్చినవాడు. రంగూన్‌ను మావాళ్ళు రంగం అనే అనేవారు. పగోడాల్లోకి బూట్లతో వెళ్తామని తెల్లదొరలు పట్టుబట్టడం అక్కడ పెద్ద గొడవై, చివరికి 1919లో ఎవరు ఎలా రావాలో నిర్ణయించే హక్కును ఆలయ పెద్దలకే వదిలేశారు. ‘మాకు ఆ బాధ లేదురా, మాకు అసలు బూట్లే లేవు’ అని తాత నవ్వేవాడు. ఆవిడా గుడి గుమ్మంలో చెప్పులు విప్పేటప్పుడు ఏ కాగితమూ చూసుకోనక్కరలేదు.

రెండో సంగతి సిరిమానుది. నాతో పనిచేసిన ఒక మలేషియా చైనీయుణ్ణి ఒకసారి దసరా తరువాతి మంగళవారానికి విజయనగరం తీసుకొచ్చాను. పైడితల్లి అమ్మవారి సిరిమాను గుడి నుంచి కోటకు మూడుసార్లు తిరుగుతుంటే, జనం మాను చివర కూర్చున్న పూజారి మీదికి అరటిపళ్ళు విసురుతున్నారు. ఆయన నా చెవిలో మెల్లగా ‘ఆయన ఏం తప్పు చేశాడు?’ అని అడిగారు. నేను నవ్వి, అది మొక్కు అని చెప్పాను. ఆయన నవ్వలేదు. ‘నేనూ వేయవచ్చా, బయటివాణ్ణి కదా’ అన్నారు. పక్కనే ఉన్న ముసలమ్మకు భాష తెలియకపోయినా భావం తెలిసినట్టుంది, తన సంచిలోంచి ఒక పండు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన అది విసరడానికి ముందు బూట్లు విప్పేశారు. ఎవరూ చెప్పలేదు. ఆ తొక్కిసలాటలో బూట్లు పోయాయి, తిరుగు ప్రయాణంలో నా చెప్పులే వేసుకుని వెళ్ళారు.

ఇక మిగిలింది, అక్కడి గుళ్ళలో కొబ్బరికాయ కొట్టవచ్చా అన్న సంగతి. బుద్ధుడి గుడిలో కొట్టడానికి లేదు, అక్కడ తామర మొగ్గ, అగరుబత్తి ఇస్తే చాలు. సింగపూర్ సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఉంది. అక్కడ కార్యాలయంలో అడిగితే అర్చనకు ఏమేమి కావాలో, ఎక్కడ కొనాలో చెప్తారు. చీపురుపల్లి నుంచి మాత్రం మోసుకెళ్ళకండి.